తెల్లబడ్డ నీళ్లు

ఊరికి ఏ మాట చెప్పాలన్నా సంగప్ప డప్పుకు ఒకటే దారి. చావడి ముందర మొదలై, కోమట్ల వీధి తిరిగి, మెట్ల బావి పైగట్టు మీదుగా వచ్చి, పోలీస్ పాటిల్ రాజన్న గుమ్మం ముందర ఆగుతుంది. పాటిల్ తన మాటను తన చెవులతో విని తల ఊపితేనే అది ఊరందరికీ చెప్పినట్టు. మంజీర ఒడ్డున కర్లగాంలో మొదటినుంచీ అదే ఆనవాయితీ. శిస్తు గడువైనా, జాతర రోజైనా, తప్పిపోయిన బర్రె అయినా ఆ దారినే తెలిసేది.

ఎనభై మూడో సంవత్సరం రోహిణి ఎండల్లో ఆ దారిన ఒక కొత్త మాట వచ్చింది.

"పాటిల్ మాట ఇనుండ్రి. కాలికి నారు పొక్కు ఉన్నోళ్లు, నారు ఎల్తున్నోళ్లు ఇయ్యాల్టి సంది మెట్ల బావిల దిగొద్దు. కాలు తడపొద్దు, చెయ్యి ముంచొద్దు. ఆళ్లకు నీళ్లు ఊరు తెచ్చి పోస్తది. కాదని దిగినోళ్లను చావడికి గుంజుకస్తరు."

తెలుగులో ఒకసారి, మరాఠీలో ఒకసారి చెప్పి సంగప్ప డప్పును చంకకు సర్దుకున్నాడు. ఆ బావిలో ఎవరు దిగొద్దో ఊరంతా తిరిగి చెప్పిన మనిషి, ఆ బావి మెట్ల మీద ఏనాడూ కాలు పెట్టి ఎరగడు. ఊరవతల సంగప్ప ఉండే వాడవాళ్లకు ఆ బావి లేదు. వాళ్లు ఏటి ఇసుకలో చెలిమెలు తవ్వుకుని, ఊరిన నీళ్లు ముంచుకుంటారు.

లోపల పురిటి గదిలో పాటిల్ కోడలు వత్సల ఆ మాట మొత్తం వింది. ఒళ్లో చంటిది పాలు తాగుతోంది. పొద్దుటి నుంచి వత్సల కుడికాలు చీలమండ దగ్గర నిప్పురవ్వ పెట్టినట్టు మండుతోంది. బాలింత ఒంటికి ఏదో ఒక మంట ఉంటుందిలే అనుకుంది. డప్పు ఆగాక కాలి కడియం పైకి జరిపి చూసుకుంది. సెనగగింజంత పొక్కు.

నారు అంటే నారికురుపు. అది ఆ ఊరికి కొత్త కాదు. రోహిణి వచ్చిందంటే ఎవరో ఒకరి కాలిలోంచి తెల్లటి దారం లాంటి పురుగు తల బయట పెడుతుంది. దాన్ని చీపురుపుల్లకు చుట్టి, రోజుకింత, తెగకుండా లాగాలి. తెగితే కాలు కుళ్లుతుంది. విత్తనం వేసే అదనులో మగవాళ్లు మంచాల మీద పడి ఉండేవాళ్లు. అది పుచ్చిన నరమని కొందరు, పామును కొట్టిన పాపమని కొందరు అనేవాళ్లు. నీళ్లని మాత్రం ఎవరూ అనలేదు.

నీళ్లని చెప్పినవాడు శంకర్రావు. బిలోలి నుంచి సైకిల్ మీద వచ్చే సర్కారు దవాఖాన మనిషి. మరాఠీవాడే గాని సరిహద్దు ఊళ్లు తిరిగి తిరిగి తెలుగు పట్టుకున్నాడు. చాటింపుకు ముందురోజు చావడి అరుగు మీద నిలబడి, గాజు గ్లాసులో బావి నీళ్లు పట్టి ఎండకు ఎత్తి చూపించాడు. నీళ్లలో నలుసుల్లాంటివి గంతులు వేస్తున్నాయి.

"ఈ నలుసులు జీవాలు. నారు ఉన్న మనిషి నీళ్లల కాలు పెట్టిండనుకోండ్రి, నారు తన పిల్లల్ని నీళ్లల ఇడుస్తది. ఈ నలుసులు ఆటిని మింగుతయి. నీళ్లతోటి ఈటిని మీరు మింగుతరు. ఏడాది మీ ఒంట్ల పెరిగి, మళ్ల రోహిణికి కాలు చీల్చుకొని ఎల్తది."

"అంటే పోయినేడు తాగిన నీళ్లకు ఈయేడు పుండా?" అంది కిరాణా దుకాణం సుందరబాయి. "మా ఇంటాయనకు మాపటికి చెప్పిన మాట పొద్దుగాల యాదికుండదు సాబ్. పురుగుకు ఏడాది యాదికుంటదా?"

అందరూ నవ్వారు. శంకర్రావు కూడా నవ్వాడు. "ఉంటది బాయీ. అది మీ ఇంటాయన లెక్క కాదు."

ఆ తర్వాత రెండు పనులు చెప్పాడు. నీళ్లు బట్ట రెండు మడతలు వేసి వడగట్టి తాగాలి. నారు ఉన్నవాళ్లు బావిలో దిగకూడదు. ఊరి బయట సర్కారు బోరింగు వేస్తుందని, బోరు బండి బిలోలి దాకా వచ్చిందని కూడా అన్నాడు. ఆ బండి బిలోలి దాటి రాలేదు.

వడగట్టే మాట గాలికి పోయింది. దిగొద్దన్న మాట మాత్రం అందరికీ నచ్చింది, ఎందుకంటే ఆ రోజున ఊళ్లో నారు బయటపడి కనిపిస్తున్నది ఒక్క మైసవ్వకే. మోదుగాకు విస్తర్లు కుట్టుకుని బతికే ముసలి మనిషి. ముందూ వెనకా ఎవరూ లేరు. పిక్క మీద పుల్లకు చుట్టిన నారును గుడ్డపేలికతో కట్టుకుని వచ్చి, అడక్కముందే చీర కాస్త ఎత్తి చూపించింది.

"సూడుండ్రి. నా కాలు తమాషా అయింది. టికెట్ పెట్టుండ్రి."

"మావశీ, నువ్వు బావిల దిగొద్దు," అన్నాడు శంకర్రావు మెత్తగా.

"నేను దిగకుంటే నా కుండ దిగుతదా, సాబ్?"

"ఊరు తెస్తది అవ్వా," అన్నాడు రాజన్న. "ఇంటికో బిందె. నాది మాట."

మైసవ్వ పాటిల్ ముఖంలోకి చూసి, చీర దించుకుంది. "నీ మాటైతే సరే, పాటిల్," అంది.

*

చాటింపు వేసిన మరునాడే వత్సల బావి పూజ. ఇరవై ఒక్క దినాలకు బాలింత బావిలో దిగి, గంగకు పసుపు కుంకుమ పెట్టి, చనుబాలు నాలుగు చుక్కలు నీళ్లలో పిండి, చిన్న చెంబుతో నీళ్లు ముంచుకుని రావాలి. అది అయ్యేదాకా ఆమె నీళ్లకుండ ముట్టకూడదు, పొయ్యి ముట్టకూడదు. పురుడు కడిగినట్టు కాదు.

డప్పు వెళ్లిపోగానే వత్సల తన అత్త జనాబాయిని లోపలికి పిలిచి కాలు చూపించింది. జనాబాయి ఒంగి చూసి, లేచి, ముందు తలుపు దగ్గరకు వేసింది.

"ఎన్నటి సంది?"

"పొద్దుగాల్టి సంది మంట. పొక్కు ఇప్పుడు సూసిన. అత్తమ్మా, పూజ ఆపుదమా?"

"ఆపి ఏం చెప్పాలె? ఇయ్యాలనే మీ మామ ఊరంత డప్పు కొట్టిపిచ్చె. పాటిల్ ఇంట్ల ముందుగాల నారు అని చెప్పాల్నా?"

"పైమెట్టు మీదనే కూసుంట. బిందెల నీళ్లు తెస్తే ఆటికే పసుపు పెడ్త."

"ఎందుకు దిగలేదని ఐదుగురు ముత్తైదువలు అడుగుతరు. ఐదుగురు అడిగిండ్రంటే ఊరు అడిగినట్టు." జనాబాయి పొక్కు చుట్టూ వేలితో నొక్కి చూసింది. "ఇంక పలగలేదు. ఎల్లని నారు నారెట్లయితది? పొక్కు పొక్కే."

ఆ రాత్రి భోజనానికి కూర్చున్న రాజన్నకు వత్సల తలుపు చాటు నుంచి తానే చెప్పింది. ముడ్ఖేడ్ స్టేషన్‌లో గ్యాంగ్‌మన్ పనిలో ఉన్న భర్త భోజన్న నెలకొకసారి వస్తాడు. ఇంట్లో చెప్పుకోవడానికి ఇంకెవరూ లేరు. రాజన్న జొన్నరొట్టె తుంచుతూ ఆగాడు. తల ఎత్తలేదు.

"ఆడోళ్ల పని ఆడోళ్లు సూసుకోండ్రి," అన్నాడు. "నేను సూడలే. నేను ఇనలే."

మిగతా రొట్టె తిని చెయ్యి కడుక్కున్నాడు.

*

తెల్లవారాక జనాబాయి కోడలి పాదాలకు పసుపు పూసింది. బాలింత పాదాలకు పసుపు మామూలే. కుడిపాదానికి మాత్రం ముద్దగా పెట్టి, దాని మీద కడియం దించింది. పిల్లను తాను ఎత్తుకుంది. సుందరబాయితో కలిపి ఐదుగురు ముత్తైదువలు చేటలో తమలపాకులు, నానిన సెనగలు పట్టుకుని ముందు నడిచారు. దారిలో మైసవ్వ తన గుడిసె ముందర ఖాళీ కుండ పెట్టుకుని కూర్చుని ఉంది. "సల్లగుండు బిడ్డా," అంది వత్సలను చూసి. "ఒచ్చేటప్పుడు ఒక చెంబు నా కుండల పొయ్యి."

బావిలో నీళ్లు అడుగుకు పోయాయి. మెట్లు దిగుతుంటే రాతి చల్లదనం పైకి తగిలింది. ఆఖరి మెట్టు నీళ్లలో ఉంది. అక్కడ నిలబడకుండా పూజ కాదు. వత్సల ఒకసారి అత్త వైపు చూసింది. జనాబాయి పిల్ల తల మీద కొంగు సర్దుతోంది.

నీళ్లు చీలమండలు దాటగానే మంట ఆరిపోయింది. రెండు రోజుల బాధ ఒక్కసారి పోయేసరికి వత్సలకు కళ్లు మూతలు పడ్డాయి. ఆ క్షణంలో ఆమెకు ఏమీ గుర్తు లేదు, డప్పు లేదు, శంకర్రావు గ్లాసు లేదు. కడియం పక్కన ఏదో పగిలినట్టు తెలిసింది. ఒంగి గంగకు పసుపు కుంకుమ వేసింది, ఆకులు వదిలింది, రవిక ముడి సడలించి నాలుగు చుక్కల పాలు పిండింది.

అప్పుడు ఆమె కాళ్ల చుట్టూ నీళ్లు తెల్లబడ్డాయి. కుడికాలి దగ్గర నుంచి ఆ తెలుపు పొగలా లేచి, మెల్లగా పరుచుకుని, తమలపాకుల కిందుగా పారింది.

"సూడుండ్రి, సూడుండ్రి," అంది సుందరబాయి గొంతు తగ్గించి. "నాలుగు సుక్కలు ఏస్తే సెంబెడు అయినయి."

వత్సలకు తెలుసు. చుక్కలు పడింది ఎడమవైపు. తెలుపు లేచింది కుడివైపు. తల ఎత్తి అత్తను చూసింది. జనాబాయికీ తెలిసిందని ఆమె ముఖమే చెప్పింది. తర్వాత జనాబాయి పిల్లను భుజానికి మార్చుకుని, రెండో చేత్తో నీళ్లకు దండం పెట్టింది.

"గంగమ్మ మెచ్చింది," అంది.

ముత్తైదువలు మెట్టు దిగి, తెల్లటి నీళ్లు దోసిలి పట్టి కళ్లకు అద్దుకుని తాగారు. "తాగకున్రి," అంది వత్సల. "బాలింతకు సిగ్గు," అని ఒకామె నవ్వింది. సుందరబాయికి పురిటి కూతురు ఇంట్లో ఉంది, పాలు పడక ఏడుస్తోంది. ఆ కూతురి కోసం ఆమె బిందె నిండా ముంచింది. మిగతావాళ్లూ ముంచారు. ఎవరో పిల్ల పెదవులకు ఒక చుక్క అద్దడానికి వేలు చాపితే, వత్సల పిల్లను లాక్కుంది. చుక్క గదుమ మీద పడింది. నోట్లోకి పోయిందో లేదో తెలియదు.

తిరిగి వచ్చేటప్పుడు మైసవ్వ కుండలో వత్సల తన చెంబు ఒంపలేదు. ఆ చెంబును దారిపక్కన తుమ్మచెట్టు మొదట్లో పారబోసింది. "ఏందే, నాకు పొయ్యమంటి గద?" అంది మైసవ్వ. వత్సల ఆగకుండా నడిచింది. పాటిల్ కోడలికి అప్పుడే గర్వం వచ్చిందని ముసలామె ఆ రోజంతా అనుకుంది.

*

వత్సల కాలిలోంచి తెల్లటి దారం తల బయట పెట్టింది. జనాబాయి దాన్ని గదిలోనే పుల్లకు చుట్టింది, పైన గుడ్డ కట్టింది. అడిగినవాళ్లకు ముల్లు గుచ్చుకుందని చెప్పింది. నీళ్లకు తానే పోయింది. ఆ కాలు మళ్లీ బావిలో పడకుండా చూసింది. ఆ మాటకొస్తే, శంకర్రావు చెప్పింది ఆ ఊళ్లో అందరికంటే బాగా పాటించింది జనాబాయే, పూజ అయిపోయాక.

సుందరబాయి కూతురికి పాలు పడ్డాయి. పురుడైన కొన్నాళ్లకు ఎవరికైనా పడతాయి. కాని పాలబావి అన్న పేరు నాట్లలోపే కుండల్‌వాడి దాకా పాకింది. చుట్టుపక్కల బాలింతలకు సీసాలతో నీళ్లు పోయాయి. బావి పైగట్టుకు ఎవరో సున్నం కొట్టించారు. వత్సల ఎదురైతే ఆడవాళ్లు తమ ఒడిలో బిడ్డను ఆమె చేత ముట్టించుకునేవాళ్లు.

మైసవ్వకు ఇంటికో బిందె అన్న మాట వానలు పడేదాకా నడిచింది. తర్వాత ఒకామె మరిచిపోయింది, ఒకామె నడుం నొప్పంది, ఒకామె ఎదురింటామె పోస్తుందిలే అనుకుంది. వానాకాలం మధ్యలో మైసవ్వ నారు మొత్తం బయటికి వచ్చింది, పుండు మానింది. ఆమె కాలు చూపించడానికి పాటిల్ దగ్గరకు వచ్చింది.

"నా కాలు నున్నగైంది, పాటిల్. మైసవ్వ దిగొచ్చని చాటిపియ్యి."

"శంకర్రావు రానీ అవ్వా. ఆయన చెప్పాలె."

శంకర్రావును ఆ ఏడు మాండవి అడవి ఊళ్లకు పంపారు. దిగొద్దన్న మాటకు డప్పు ఉంది, దిగొచ్చన్న మాటకు లేకపోయింది. మైసవ్వ గుడిసె ముందర కుండ పెట్టుకుని, పోయే వచ్చే బిందెలను అడుక్కుంటూ ఉండిపోయింది. తన కాలు మానాక వత్సల రోజూ పోసేది. పోసే ముందు కొంగు రెండు మడతలు వేసి వడగట్టేది. "ఏం మడి పెట్టుకున్నవే," అనేది మైసవ్వ. అత్తింట్లోనూ వత్సల అలాగే వడగట్టింది. అయితే రాజన్న ఎక్కువ తాగేది ఇంట్లో కాదు, చావడిలో.

ప్రతిరోజూ పిల్లకు స్నానం చేయించేటప్పుడు వత్సల ఆ చిన్న కాళ్లను పైనుంచి కిందికి, కిందినుంచి పైకి తడిమి చూసేది.

*

మళ్లీ రోహిణి వచ్చింది. ముందు సుందరబాయి మణికట్టు వాచింది. తర్వాత ఆమె భర్త మోకాలు. తర్వాత వరసగా ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు మంచం ఎక్కారు. మృగశిర చినుకులు పడి నేల వాసన వేస్తుంటే, విత్తనాలు వేసే జడ్డిగం పట్టేవాడు లేక ఎడ్లు కొట్టాల్లో నిలబడ్డాయి. రాజన్నకు రెండు కాళ్లకూ వచ్చింది. సుందరబాయి కూతురు అత్తింటికి బిలోలి పోతే అక్కడ నారు తెగి, కాలు పొంగి, జ్వరంతో చనిపోయింది. పాలు తాగే పిల్లవాడిని తెచ్చి అమ్మమ్మ ఒళ్లో వేశారు.

శంకర్రావు వచ్చి ఇల్లిల్లూ తిరిగి చూసి, చావడి అరుగు మీద కూర్చుని తల పట్టుకున్నాడు. ఊరు చావడి ముందర చేరింది. పాటిల్‌ను మంచంతో సహా మోసుకొచ్చారు. సంగప్ప డప్పుతో దూరంగా నిలబడ్డాడు.

"పోయిన రోహిణిల నారు కాలు బావిల పడ్డది," అన్నాడు శంకర్రావు. "పడకుంటే ఇంత కాదు. వాడల ఒక్కరికన్న ఉన్నదా? లేదు. ఆళ్లకు ఈ బావి లేదు గన్క. చెప్పుండ్రి, ఎవరు దిగిండ్రు?"

ఆయన అడిగింది మంచికే. నీళ్లకు కారణం ఉందని ఊరు మొదటిసారి ఒప్పుకున్నది కూడా ఆ రోజే. కారణం అనగానే అందరి తలలూ ఒక వైపే తిరిగాయి.

"ఇంకెవరు," అన్నాడొకడు. "నారు ఉన్నది ఒక్క మైసవ్వకే."

"నేను దిగలే," అంది మైసవ్వ. "ఏడాది సంది కుండ ముందట పెట్టుకొని మీ అందర్ని అడుక్కుంటున్న. దిగితే అడుక్కుంటనా?"

"పగటికి అడుక్కున్నవ్. చీకటి పడ్డంక ఏం చేసినవో ఎవనికెరుక," అంది సుందరబాయి. ఆమె ఒళ్లో తల్లిలేని పిల్లవాడు ఉన్నాడు. ఆ గొంతులో కోపం కూడా మిగల్లేదు. "నా బిడ్డను మింగినవ్, మైసవ్వా."

వత్సల చావడి గోడ పక్క నుంచి ముందుకు వచ్చింది. మగవాళ్ల మధ్య ఆ ఊళ్లో కోడళ్లు నోరు విప్పరు. కొంగు తల మీదుగా లాక్కుని, నేల చూస్తూ చెప్పింది.

"దిగింది నేను. బావి పూజనాడు నా కాలికి నారు పొక్కుండె. మీద పసుపు పూసుకొని దిగిన. తెల్లగైంది పాలతోటి కాదు, నారు ఇడిసిన నీళ్లతోటి. మైసవ్వ తప్పు లేదు." కడియం పైకి జరిపి మచ్చ చూపించింది.

సుందరబాయి తల అడ్డంగా ఊపింది.

"జాలిగుండె. ముసల్దాన్ని కాపాడాలని తన మీద ఏసుకుంటున్నది. నేను పక్కనే ఉంటి వత్సలా. కండ్లార సూసిన. నా బిడ్డకు పాలు పడ్డది ఆ నీళ్లతోటే." ఆమె ఒళ్లోని పిల్లవాడి వీపు మీద చెయ్యి వేసింది. "అవి పాలు కాకుంటే, నేను నా బిడ్డకు ఏం తాపినట్టు?"

వత్సల కడియం కిందికి దించుకుంది. మిగతా ముత్తైదువలూ పాలే అన్నారు. మచ్చ సంగతి అడిగితే జనాబాయి "ముల్లు గుచ్చింది," అని నేల చూసింది.

శంకర్రావు వత్సలను నమ్మాడు. ఆయన మంచం వైపు తిరిగాడు. "పాటిల్, మీ ఇంటి ముచ్చట. మీరు చెప్పుండ్రి."

రాజన్న రెండు కాళ్లకూ పుల్లలు కట్టి ఉన్నాయి. కోడలి వైపు చూశాడు, మైసవ్వ వైపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"ఆడోళ్ల పని. నేను సూడలే," అన్నాడు.

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. సాయంత్రానికి సంగప్ప డప్పు మైసవ్వ పేరు చెప్పింది. ఆమె బావి గట్టు చాయలకు రాకూడదు, ఊరి ఏ కుండా ఆమెకు నీళ్లు పోయకూడదు. పాటిల్ గుమ్మం ముందర డప్పు ఆగినప్పుడు వత్సల బయటికి వచ్చింది.

"సంగప్పా, ఇంకొక్క మాట చాటు. దిగింది పాటిల్ కోడలని చాటు."

"నా నోరు నాది కాదమ్మా," అన్నాడు సంగప్ప. "పాటిల్ తల ఊపాలె." గుమ్మంలోంచి లోపలికి చూశాడు. లోపల మంచం మీద ఉన్న తల గోడ వైపు తిరిగి ఉంది. సంగప్ప గొంతు తగ్గించాడు. "అవ్వను మా దిక్కు రమ్మను. మా సెలిమెల నీళ్లు తాగుత అంటే మేం పోస్తం."

ఆ రాత్రే మైసవ్వ కుండ నెత్తిన పెట్టుకుని వాడ అంచుకు పోయింది.

*

శంకర్రావు వెళ్లేముందు వత్సల ఇంటి ముందర సైకిల్ ఆపాడు. ఆయన చేతిలో తెల్లటి బట్ట తాను ఉంది. వడగట్టుకోవడానికి ఇంటింటికీ పంచమని సర్కారు పంపింది. ఎవరూ తీసుకోలేదు.

"వడగట్టకుంటే వచ్చే రోహిణిల గూడ గిట్లనే అయితది," అన్నాడు. "నా మాట ఇంటలేరు, మీ మాట ఇనలేదు. ఎవరి మాట ఇంటరు ఈళ్లు?"

వత్సల బట్ట తీసుకుని చేతుల్లో చాలాసేపు మడిచింది, విప్పింది.

తెల్లారి ఆమె పిల్లను చంకన వేసుకుని బావి పైమెట్టు మీద కూర్చుంది. మొదటి బిందె పైకి రాగానే అడ్డం చెయ్యి పెట్టింది. "గంగమ్మ కోపంగ ఉన్నది," అంది. "పాలబావి నీళ్లు ఉత్తగ తాగొద్దన్నది. తెల్లబట్ట రెండు మడతలు ఏసి, వడగట్టి తాగుమన్నది. బట్టల మిగిలింది ఎండల పారబొయ్యాలె. పొక్కు ఉన్న కాలు తనకు తాకొద్దన్నది."

ఆ బిందె తెచ్చిన ఆడమనిషి వత్సల పాదాలకు మొక్కి, బిందె మూతికి బట్ట కట్టింది. పొద్దెక్కేసరికి బట్ట తాను అయిపోయింది. ఇంకా కావాలని శంకర్రావుకు కబురు పోయింది. సుందరబాయి వాచిన చేత్తో బట్ట కళ్లకు అద్దుకుంది. పొక్కు ఉన్నవాళ్లు తమంతట తాము గట్టు మీదే నిలబడి, కుండలు అందించి నీళ్లు పోయించుకున్నారు. జనాబాయి కూడా వచ్చింది. కోడలి ముఖం చూడకుండా బిందె ముందర పెట్టింది, వడగట్టించుకుంది.

నిజం చెప్పినప్పుడు వినని ఊరు ఆ అబద్ధాన్ని ఒక్కరోజులో పట్టుకుంది.

కొన్నాళ్లకు వత్సల వాడ అంచుకు పోయింది. మైసవ్వ చెలిమె పక్కన ఇసుకలో కూర్చుని మోదుగాకులు కుడుతోంది. మనిషి సగమైంది. ఇప్పుడు ఆమె విస్తర్లు ఊళ్లో ఎవరూ కొనరు. వత్సల తెచ్చిన జొన్నలు పక్కన పెట్టింది. ముసలామె వాటి వైపు చూడలేదు.

"గంగమ్మ నీతోటి మాట్లాడుతదట గదా, బిడ్డా," అంది. "సంగప్ప చెప్పిండు."

వత్సల ఇసుకలో ఆమె పక్కన కూర్చుని, ఒక ఆకు చేతిలోకి తీసుకుంది.

"రోజూ మాట్లాడుతదా?"

"అవ్వా..."

"నా ముచ్చట ఏమన్న చెప్పిందా?"

మరునాడు పొద్దున బావి మెట్లు నిండా ఆడవాళ్లే. వత్సల పైమెట్టు మీద కూర్చుని, పిల్ల కాళ్లు ఒకసారి తడిమి, తల ఎత్తింది.

"మైసవ్వ తప్పు లేదన్నది గంగమ్మ," అంది. "ముసల్ది దిగలేదట."

బిందెలు ఆగాయి. అందరూ విన్నారు. అందరికంటే ముందున్న సుందరబాయి చంకలో పిల్లవాడితో, మణికట్టుకు పుల్లతో, ఒక మెట్టు పైకి వచ్చింది.

"మరి ఎవరు దిగిండ్రంట? అడిగినవా?"

బావిలో కింద ఎక్కడో ఒక చెంబు రాతికి తగిలి మోగింది. వత్సల వరసగా ఆ బిందెలను చూసింది. ప్రతి మూతి మీదా తెల్లటి బట్ట కట్టి ఉంది. ఆ జవాబు చెబితే సాయంత్రానికి ఒక్క బిందె మీద కూడా ఆ బట్ట ఉండదు.

సుందరబాయి ఇంకా చూస్తోంది.

"నీ బట్ట ఒక్కటే మడత ఉన్నది," అంది వత్సల. "రెండు మడతలు వెయ్యి."